తక్కువ వోల్టేజీ ఊళ్ళలో ఎల్‌ఈడీ ఫిలమెంట్ బల్బును కొలిచి చూడటం ఎలా

"మాస్టారూ, పగలు బాగానే ఎలుగుతాది, రాత్రి ఏడయ్యేసరికి గుడ్డి దీపం నాగైపోతాది." ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరి పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఎలక్ట్రీషియన్లు ఎల్‌ఈడీ ఫిలమెంట్ బల్బుల గురించి తరచూ వినే ఫిర్యాదు ఇది. డబ్బా మీద నాలుగు వాట్లని ఉంటుంది, కొట్లో వెలిగిస్తే కళ్ళు చెదురుతాయి. అదే బల్బును కొండవార ఊరికి తీసుకెళ్ళి లైను చివరి ఇంట్లో పెడితే సాయంత్రం మసకబారుతుంది. పక్కనే మరో కంపెనీ బల్బు మాత్రం నిక్షేపంలా వెలుగుతూ ఉంటుంది. రెండూ నాలుగు వాట్లే.

డబ్బా మీద రాసేది 230 వోల్టుల దగ్గర బల్బు సంగతి మాత్రమే. మన ఊళ్ళలో రాత్రి ఏడు గంటలకు ఉండే వోల్టేజీ దగ్గర అది ఏం చేస్తుందో ఎవరూ రాయరు, మనమే కొలిచి తెలుసుకోవాలి. ఇందుకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఐటీఐ, పాలిటెక్నిక్ కుర్రాళ్ళూ, వైరింగ్ పనివాళ్ళూ ఒక చెక్క బోర్డు, మంచి మల్టీమీటరు, కొంచెం ఓపిక ఉంటే చేసుకోగలిగే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

ముందు బల్బు లోపల ఏముందో చూద్దాం

పేరుకు ఫిలమెంటే గానీ పాత టంగ్‌స్టన్ తీగకూ దీనికీ పోలికే లేదు. గాజు కుప్పెలో కనిపించే పసుపు పుల్లలు ఒక్కొక్కటీ సన్నటి పట్టీ. దాని మీద చిన్న చిన్న నీలి ఎల్‌ఈడీ చిప్పులు దండలా సిరీస్‌లో ఉంటాయి. పైన పసుపు ఫాస్ఫర్ పూత వేస్తారు. నీలి వెలుగు ఆ పూతను తాకి వెచ్చటి తెలుపుగా బయటికొస్తుంది. ఒక పట్టీలో 28 చిప్పులుంటే, ఒక్కోదానికి రెండున్నర నుంచి మూడు వోల్టుల లోపు చొప్పున పట్టీ మొత్తానికి 70, 75 వోల్టులు కావాలి. కరెంటు మాత్రం పది, పదిహేను మిల్లీఆంపులే. గాజు లోపల హీలియం కలిసిన వాయువు ఉంటుంది. చిప్పుల వేడిని గాజుకు చేరవేసేది అదే. అందుకే గాజు పగిలిన బల్బు పట్టీలు ఇంకా వెలుగుతున్నా, దాన్ని పూర్తి కరెంటు మీద నడపకూడదు. వేడి పోయే దారి లేక పట్టీ మాడిపోతుంది.

క్యాపు లోపల డ్రైవరు ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి, చిన్న కెపాసిటరు, కరెంటును అదుపులో పెట్టే భాగం. ఈ అదుపు భాగం మూడు రకాలు. కరెంటును ఒక హద్దు దాటనివ్వకుండా మిగిలిన వోల్టేజీని వేడిగా వదిలేసేది లీనియర్ ఐసీ. సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసేది స్విచింగ్ డ్రైవరు. కేవలం ఒక కెపాసిటరుతో నెట్టుకొచ్చేది చవక రకం డ్రాపరు. బయటి నుంచి చూస్తే మూడూ ఒక్కటే. కొలతల్లో మాత్రం వేటి దారి వాటిదే.

పాత అలవాటు ఒకటి ఇక్కడే మానుకోవాలి. పాత 60 వాట్ల బల్బును ఓమ్స్‌లో పెడితే 60, 70 ఓమ్‌లు చూపేది, దాంతో బల్బు బాగుందని తెలిసేది. ఎల్‌ఈడీ బల్బును అలా పెడితే మీటరు తెరిచిన సర్క్యూట్ అనే చూపిస్తుంది. మీటరు ఇచ్చే రెండు మూడు వోల్టులకు వంద చిప్పుల దండ మేలుకోదు. డయోడ్ రేంజ్‌లో పెట్టినా అంతే. ఆ పరీక్షలు చూసి బల్బు పోయిందని చెత్తలో పడేయకండి.

బోర్డు, పనిముట్లు, జాగ్రత్త

బేకలైట్ హోల్డరు, స్విచ్, అర ఆంపు ఫ్యూజు, 10 ఓమ్‌ల ఒక వాట్ రెసిస్టరు. ఇవన్నీ ఒక చెక్క బోర్డు మీద బిగించండి. ఫేజు వైరు ఫ్యూజు, స్విచ్ దాటి హోల్డరుకు వెళ్ళాలి. హోల్డరు రెండో కొస నుంచి రెసిస్టరు గుండా న్యూట్రల్‌కు వెళ్ళాలి. రెసిస్టరు రెండు కొసల దగ్గర మల్టీమీటరు పిన్నులు గుచ్చడానికి మూత ఉన్న సాకెట్లు పెట్టండి. బల్బులో పారే ప్రతి మిల్లీఆంపుకూ ఈ రెసిస్టరు మీద 10 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. మల్టీమీటరును నేరుగా మిల్లీఆంప్ రేంజ్‌లో మధ్యలో కలపవచ్చు కదా అనిపిస్తుంది. స్విచ్ వేసిన క్షణంలో కెపాసిటరు ఒక్క గుక్కలో లాగే కరెంటుకు మీటరు లోపలి ఫ్యూజు పోయే ప్రమాదం ఉంది. రెసిస్టరు పద్ధతే మేలు.

మల్టీమీటరు తప్పకుండా ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ రకం, అంటే అల ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ చూపేది అయ్యుండాలి. ఈ బల్బులు చాలావరకు నిండు అలగా కాక, వోల్టేజీ శిఖరం దగ్గర సన్నటి పోటుల్లా కరెంటు తీసుకుంటాయి. మామూలు చవక మీటరు సగటు చూసి లెక్కకట్టేది కాబట్టి అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయం. మిగతావన్నీ పాత సామానుతో సరిపెట్టుకోవచ్చు.

వోల్టేజీ మార్చడానికి డిమ్మర్‌స్టాట్ (పిడి తిప్పి వోల్టేజీ పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) కావాలి, కాలేజీ ల్యాబుల్లో ఉంటుంది. దానికి ఐసోలేషన్ ఉండదని, అంటే బయటికొచ్చే వైర్లు మెయిన్స్ నుంచి విడిగా ఉండవని మరిచిపోవద్దు. 50 వోల్టులకు తిప్పి పెట్టినా ప్లగ్ తిరగబడితే రెండు వైర్లూ ఫేజుతో సమానమే. దాని ముందు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటే మంచిది. ఫ్యాన్ రెగ్యులేటరును డిమ్మర్‌స్టాట్‌లా వాడొద్దు. అది అలను ముక్కలు కోస్తుంది, దాంతో తీసిన కొలత దేనికీ పనికిరాదు. ఆసిలోస్కోపు (అల ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) ఉన్నవాళ్ళకు ఇంకో మాట: దాని ఎర్త్ క్లిప్పును మెయిన్స్ వైరుకు తగిలిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఆ ఊసే వద్దు.

30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న సాకెట్ నుంచే కరెంటు తీసుకోండి. పిన్నులు గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు స్విచ్ ఆపి ప్లగ్ పీకేయాలి. కాళ్ళకు పొడి చెప్పులుండాలి, గదిలో రెండో మనిషి ఉండాలి. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ప్లగ్ పెట్టిన ప్రతిసారీ టెస్టరుతో ఫేజు ఎటుందో చూసుకోండి.

మొదటి కొలత: మామూలు వోల్టేజీ దగ్గర

బల్బు వెలిగించి అరగంట వదిలేయండి. వేడెక్కేకొద్దీ ఒక్కో చిప్పు మీద వోల్టేజీ డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది. వంద చిప్పులు సిరీస్‌లో ఉన్నప్పుడు ఆ తేడా వోల్టుల్లోకి వెళ్తుంది. రీడింగ్ కదలకుండా నిలిచాక రాసుకోవాలి.

సప్లై 231 వోల్టులు, రెసిస్టరు మీద 342 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. అంటే 34.2 మిల్లీఆంపులు. రెండూ గుణిస్తే 7.9 వోల్ట్‌ఆంపులు. వాట్ మీటరు 4.1 వాట్లు చూపితే, 4.1ని 7.9తో భాగించాలి. వచ్చిన 0.52 ఆ బల్బు పవర్ ఫ్యాక్టరు, అంటే లాగిన వోల్ట్‌ఆంపుల్లో నిజంగా వాట్లుగా ఖర్చయిన వాటా. ఇంటి బిల్లు యూనిట్ల మీదే కాబట్టి దీనివల్ల మీ జేబుకు చిల్లు పడదు. వైరు మందం మాత్రం వాట్లను కాక ఆ 34 మిల్లీఆంపులనే చూసి తేల్చాలి.

ప్లగ్‌లో పెట్టే చవక వాట్ మీటర్లు నాలుగైదు వాట్ల దగ్గర తడబడతాయి. ఒకే రకం బల్బులు నాలుగు పారలల్‌గా పెట్టి, వచ్చినదాన్ని నాలుగుతో భాగించండి. వాట్ మీటరే లేకపోతే ఇంటి కరెంటు మీటరును వాడుకోవచ్చు. దాని మీద మిణుకుమనే ఎర్ర దీపం పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, రెండు మిణుకుల మధ్య సెకన్లతో 1125ను భాగిస్తే వాట్లు వస్తాయి. ఇంట్లో మిగతావన్నీ ఆపి నాలుగు బల్బులు మాత్రమే వెలిగించినప్పుడు మిణుకుకూ మిణుకుకూ మధ్య 70 సెకన్లు పట్టిందంటే మొత్తం 16 వాట్లు, బల్బుకు నాలుగు. ఒక్క బల్బుతో ఈ పని చేయొద్దు. అంత చిన్న లోడుకు మీటరు కదలకపోవచ్చు.

అసలు పరీక్ష: వోల్టేజీ దించుతూ పోవడం

వోల్టేజీతోపాటు వెలుగునూ కొలవాలి. తోటలో గుచ్చే సోలార్ దీపంలోని చిన్న పలక ఒకటి తీసుకుని, దాని రెండు వైర్ల మధ్య 10 ఓమ్‌ల రెసిస్టరు కలపండి. ఆ రెసిస్టరు మీద వచ్చే డీసీ మిల్లీవోల్టులు వెలుగుకు తగ్గట్టు పెరుగుతాయి, తగ్గుతాయి. ఒక అట్టపెట్టెలో ఒక కొసన బల్బు, రెండో కొసన పలక పెట్టి బయటి వెలుతురు రాకుండా మూసేయండి. మామూలు వోల్టేజీ దగ్గర 50 నుంచి 100 మిల్లీవోల్టులు వచ్చేలా దూరం సర్దుకుని, ఇక ఏదీ కదపొద్దు. ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) ఎన్నో దీనితో తెలియవు, మనకు అక్కర్లేదు కూడా. 230 దగ్గర వచ్చినదాన్ని వందగా తీసుకుంటే, మిగతా వోల్టేజీల దగ్గర ఎంత మిగిలిందో తెలిస్తే చాలు. ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి ఓమ్‌లు మారే రెసిస్టరు) వాడొద్దు, దాని రీడింగ్ వెలుగుతో సమంగా నడవదు.

ఇప్పుడు డిమ్మర్‌స్టాట్‌ను 250 దగ్గర మొదలుపెట్టి పది వోల్టుల చొప్పున 140 దాకా దించండి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని నిమిషాలు ఆగి వోల్టేజీ, మిల్లీఆంపులు, వాట్లు, వెలుగు నాలుగూ నోటుబుక్కులో రాయండి. డిమ్మర్‌స్టాట్ దొరకనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. లైను చివరి ఊళ్ళో ఉంటే తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య ఒకటి రాసుకున్నా కరెంటు లైనే మీకు మెట్లు చూపిస్తుంది.

రాసినదాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తే డ్రైవరు రకం తెలిసిపోతుంది.

వోల్టేజీ దిగుతున్నా వెలుగు చెక్కుచెదరకుండా, వాట్లు అలాగే నిలబడి, మిల్లీఆంపులు పెరుగుతూ పోతే అది స్విచింగ్ డ్రైవరు. ఒక హద్దు దాకా గట్టిగా నిలబడుతుంది. లో వోల్టేజీ ఊళ్ళకు నేను కొనమనేది ఇదే.

మొదటి మెట్టు నుంచే వోల్టేజీతోపాటు వెలుగూ జారిపోతుంటే కెపాసిటర్ డ్రాపరు. ఇది 250 దగ్గర అతిగా వెలిగి తొందరగా అరిగిపోతుంది, 180 దగ్గర నీరసిస్తుంది. ఏ ఊరికీ మంచిది కాదు.

మూడోది లీనియర్ ఐసీ. మా వైపు వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని లక్షణాలకే సరిపోతాయి, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. పై వోల్టేజీల్లో వెలుగు స్థిరంగా ఉంటుంది. ఒకచోటికి వచ్చేసరికి మెట్టు తప్పినట్టు పడిపోతుంది. నాలుగు పట్టీలు సిరీస్‌లో ఉంటే మొత్తం దండకు 280 నుంచి 300 వోల్టులు కావాలి. 230 వోల్టుల ఏసీ శిఖరం 325, కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. 300ను 1.414తో భాగిస్తే 212. సప్లై 212 కంటే దిగిందంటే శిఖరం కూడా దండకు అందదు, వెలుగు తగ్గడం మొదలవుతుంది. 180 దగ్గర శిఖరం 254 మాత్రమే. అప్పుడు ఆ బల్బు మిణుకు మిణుకుమనడం తప్ప ఏమీ చేయలేదు.

ఇంకో మెలిక ఉంది. లీనియర్ బల్బులో దండ వోల్టేజీ శిఖరానికి ఎంత దగ్గరగా ఉంటే వేడిగా పోయేది అంత తక్కువ, వాటుకు వచ్చే వెలుగు అంత ఎక్కువ. అంటే 230 దగ్గర కొలిచే ల్యాబులో ఎక్కువ మార్కులు కొట్టే బల్బే సాయంత్రం మన ఊళ్ళో ముందుగా చేతులెత్తేస్తుంది. దండ 240 వోల్టులదైతే ల్యాబులో కొంచెం వెనకబడినా 170 దాకా నెట్టుకొస్తుంది. అందుకే ల్యూమెన్లు, వాట్లు చూసి కొనేవాళ్ళకు నేనెప్పుడూ ఇంకో అంకె వెతకమంటాను. వెలుగు సగానికి పడిపోయే వోల్టేజీ ఎంత? మీ గ్రాఫులో ఆ చుక్కకు గుండ్రం చుట్టండి. అది మీ ఇంటి రాత్రి వోల్టేజీ కంటే పైన ఉంటే, ఆ బల్బు ఎంత పేరున్న కంపెనీదైనా మీకు పనికిరాదు.

ఇన్వర్టరు మీద

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను అతలాకుతలం చేశాక కరెంటు లేని రాత్రులంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో ఈ బల్బులు వాడేముందు ఇంకో కొలత తీయాలి. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టరు ఇచ్చే అలకు శిఖరం ఉండదు. 230 అంటే గరిష్ఠం కూడా దాదాపు 230 వోల్టులే. 280 వోల్టుల దండ ఉన్న లీనియర్ బల్బు దాని మీద సరిగా వెలగదు. బల్బు చెడిందనీ, ఇన్వర్టరు బలహీనపడిందనీ అనుకుంటారు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి. మెయిన్స్ లాంటి అలనే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరు మీద ఈ బాధ లేదు.

ఇక్కడా మీటరు రకం ముఖ్యం. సగటు చూసే మీటరు స్క్వేర్ వేవ్ మీద అసలు కంటే 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. 230 చూపుతోందంటే అక్కడ ఉన్నది 207 మాత్రమే.

మిణుకు కొలవడం

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు వెలుగు సెకనుకు వంద సార్లు ఊగుతుంది. ఎంత ఊగుతుందన్నది లోపలి కెపాసిటరు మీద ఆధారపడి ఉంటుంది. ఫోను కెమెరాలో నల్లటి చారలు కదిలితే మిణుకు ఉన్నట్టే, కానీ అది అంకె కాదు. సోలార్ పలక రెసిస్టరు మీద ముందు డీసీ మిల్లీవోల్టులు, తర్వాత ఏసీ మిల్లీవోల్టులు చదవండి. ఏసీని డీసీతో భాగించి 1.414తో గుణిస్తే మిణుకు శాతం సుమారుగా వస్తుంది. డీసీ 80, ఏసీ 4 అయితే ఏడు శాతం. అమెరికా ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ 2015లో ఇచ్చిన సిఫారసు ప్రకారం వంద హెర్ట్జ్ దగ్గర ఎనిమిది శాతం లోపు ఉంటే ఆరోగ్యానికి ముప్పు తక్కువ. పిల్లలు చదువుకునే గదిలోనూ, కుట్టుమిషను దగ్గరా, తిరిగే యంత్రాల దగ్గరా ఈ అంకెను తేలిగ్గా తీసుకోకండి. మొదలుపెట్టేముందు మీటరును ఏసీ రేంజ్‌లో పెట్టి పెన్‌టార్చ్ సెల్లుకు తగిలించి చూడండి. సున్నా చూపితే సరే. ఏదైనా అంకె నిలిచిపోతే ఆ మీటరు ఈ పనికి రాదు.

ఒక్క పట్టీని విడిగా చూడాలనుకుంటే

ఇది చదువుకునే కుర్రాళ్ళ కోసం. విడి పట్టీ ఒకటి సంపాదించి, 9 వోల్టుల బ్యాటరీలు ఒక్కోటిగా సిరీస్‌లో కలుపుతూ 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరు ద్వారా ఇవ్వండి. 60 వోల్టులు దాటిన డీసీ కూడా ప్రమాదమే, వట్టి చేతులతో కొసలు ముట్టుకోవద్దు. ఏడో బ్యాటరీ దాకా దాదాపు ఏమీ జరగదు. ఆ తర్వాత పట్టీ మీద సన్నటి చుక్కలు వెలుగుతాయి. అంత తక్కువ కరెంటు దగ్గర ఒక్కో చిప్పు విడివిడిగా కనిపిస్తుంది, లెక్కపెట్టుకోవచ్చు. ఇంకో రెండు బ్యాటరీలు కలిపేసరికి చుక్కలు కలిసిపోయి పుల్ల అంతా వెలుగుతుంది. రెసిస్టరు మీద ప్రతి 2.2 వోల్టులకూ ఒక మిల్లీఆంపు లెక్కన కరెంటు రాసుకుంటే డయోడ్ గీత మీ చేత్తోనే గీయగలుగుతారు. పుస్తకంలో చూసిన ఆ వంపు కళ్ళముందు లేవడం చూసిన కుర్రాడికి ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. మూడు వోల్టులవీ, పన్నెండు వోల్టులవీ పట్టీలు కూడా బజారులో ఉన్నాయి కాబట్టి ఒక్క బ్యాటరీతోనే మొదలుపెట్టండి.

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతుంటే

హోల్డరు దగ్గర డిజిటల్ మీటరు 40, 90 వోల్టులు చూపిస్తుంది. కంగారు పడొద్దు. అక్కడే పాత టంగ్‌స్టన్ బల్బు ఒకటి పారలల్‌గా పెట్టి మళ్ళీ చూడండి. అంకె మాయమైతే అది వైర్ల మధ్య నుంచి ఊరే మైక్రోఆంపులే. ముందు స్విచ్ ఫేజులో ఉందో న్యూట్రల్‌లో ఉందో టెస్టరుతో చూడండి. న్యూట్రల్‌లో ఉంటే తక్షణం మార్పించండి, అది బల్బు సమస్య కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. ఫేజులోనే ఉంటే స్విచ్‌లోని చిన్న ఇండికేటరు దీపం తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

పెళ్ళి పందిళ్ళ లైటింగ్ వాళ్ళకు

ఇప్పుడు పందిళ్ళలో ఈ బల్బుల దండలు వందల్లో కడుతున్నారు. వంద బల్బులు కాబట్టి 400 వాట్లు, రెండాంపులు కూడా లేదని సన్న వైరు లాగేస్తారు. పైన కొలిచిన బల్బే అయితే వందకు 3.4 ఆంపులు. మూడు ఫేజులకు వంద చొప్పున పంచితే న్యూట్రల్‌లో కరెంటు రద్దయిపోతుందని అనుకోవడం ఇంకా ప్రమాదం. ఈ పోటులు ఒకదాన్నొకటి కొట్టివేయవు, న్యూట్రల్‌లో ఒకదాని తర్వాత ఒకటి చేరతాయి. అక్కడ ఫేజు కరెంటుకు 1.73 రెట్ల దాకా, అంటే దాదాపు ఆరాంపులు రావచ్చు. న్యూట్రల్ వైరు ఫేజు కంటే సన్నగా ఎప్పుడూ వేయకండి. దండలన్నీ వెలిగించి పావుగంట అయ్యాక ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ క్లాంప్ మీటరును న్యూట్రల్ చుట్టూ పెట్టి చూడండి. ఏ ఫేజు కంటే ఎక్కువ చూపించినా, జనం రాకముందే ఆ వైరు మార్చండి.